ధర్మాసనమునకు కావలి: బావ్ జెంగ్ చరిత్రము

అన్యాయమునకు గురియైనవాడు న్యాయాధిపతి కడకు పోవును. ఆ న్యాయాధిపతియే ధర్మము తప్పినచో ఎవరి కడకు పోవలెను? రాజ్యములు పుట్టిన నాటినుండియు ఈ ప్రశ్న మానవులను వెంటాడుచునే యున్నది. రాగముచేత గాని, లోభముచేత గాని, భయముచేత గాని ధర్మవిరుద్ధముగా తీర్పు చెప్పిన సభ్యులకు, ఓడినవానికి విధింపదగిన దానికి రెట్టింపు దండము విధింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి శాసించుచున్నది. శాసనము వ్రాయుట సులభము. దానిని వెఱపు లేక అమలు జరుపువాడు దొరకుట దుర్లభము. చీనా దేశమువారు ఇందులకై ప్రత్యేకముగా ఒక కార్యస్థానమును నెలకొల్పి అనేక శతాబ్దములు నడపిరి. 1058వ సంవత్సరమున దానికి అధిపతియైన బావ్ జెంగ్ అను మహనీయుని చరిత్రమును ఈ రజతోత్సవ సంచికా పాఠకులకు సంగ్రహముగా విన్నవించుచున్నాను.

బావ్ జెంగ్ 999వ సంవత్సరమున హఫే పట్టణమున జన్మించెను. అప్పుడు చీనాను సుంగ్ వంశపు చక్రవర్తులు పాలించుచుండిరి. ఆ వంశమువాడగు రెన్‌జుంగ్ 1022లో సింహాసన మెక్కెను. ఆ సంవత్సరముననే మన వేంగీదేశమున రాజరాజనరేంద్రుడు పట్టాభిషిక్తు డయ్యెను. నన్నయభట్టారకుడు రాజమహేంద్రవరమున భారతము నాంధ్రీకరించిన కాలమును, బావ్ జెంగ్ చీనాలో ధర్మము నిలిపిన కాలమును ఇంచుమించు ఒకటియే యని గ్రహించినచో, ఆ దినములు మనకు మఱింత చేరువగును.

1027లో ఆయన రాజ్యోద్యోగ పరీక్షలలో అత్యున్నతమైన దానియందు ఉత్తీర్ణుడయ్యెను. ఉద్యోగమును లభించెను. కాని తలిదండ్రులు వృద్ధులు. స్వస్థలమును విడువ నొల్లకుండిరి. ఆయన ఉద్యోగమును త్యజించి ఇంటనే యుండి వారిని సేవించెను. వారు గతించి, అశౌచకాలము ముగిసి, మరల కొలువులో చేరునప్పటికి పదియేండ్లు గడచెను.

ఆయన తొలుత తియాన్‌చాంగ్ తాలూకాకు అధికారిగా పోయెను. ఆ దేశమున శిస్తు వసూలు చేయు అధికారియే న్యాయాధిపతియు నగును. ఆంగ్లేయుల కాలమున మన కలెక్టరులకు మేజిస్ట్రేటు అధికారము కూడ ఉండినట్టిదే ఇదియు. ఒకనాడొక రైతు వచ్చి, తన యెద్దు నాలుకను ఎవరో కోసిరని మొఱపెట్టుకొనెను. ఇంటికి పోయి దానిని చంపి మాంసము నమ్ముకొనుమని బావ్ జెంగ్ చెప్పి పంపెను. సేద్యపు టెద్దును అనుమతి లేక చంపుట అక్కడ నేరము. కొలది కాలములోనే మఱియొకడు వచ్చి, ఆ రైతు ఎద్దును చంపెనని పితూరీ చెప్పెను. నాలుకను కోసినది చాలక పితూరీ కూడ తెచ్చితివా యని బావ్ జెంగ్ అడుగగా వాడు నివ్వెఱపోయి నేరము నొప్పుకొనెను.

పిమ్మట దక్షిణమున దువాన్‌జౌ అను మండలమునకు అధికారి యయ్యెను. సిరా నూఱుకొను రాళ్లకు ఆ మండలము పేరు పొందినది. ఏటేట కొన్నిటిని చక్రవర్తికి కానుకగా పంపవలెను. పూర్వపు అధికారులు ఆ మిషతో పదులరెట్లు అధికముగా పనివారి కడ పిండుకొని, రాజధానిలోని పెద్దలకు పంచిపెట్టెడివారు. బావ్ జెంగ్ కానుకకు వలసిన సంఖ్యకు మించి ఒక్కటియు చేయింపలేదు. పదవీకాలము ముగిసి వెడలునప్పుడు ఆయన వెంట ఒక్క రాయియైనను పోలేదు.

ఇట్టి ఖ్యాతి వలననే ఆయన పర్యవేక్షణస్థానమున సభ్యుడుగా నియమింపబడెను. చీనా భాషలో దానికి యూషితాయ్ అని పేరు. మంత్రి మొదలు తాలూకా అధికారి వఱకు ఎవడు లంచము గొన్నను, ఎవడు తీర్పును వంచినను, దానిని చక్రవర్తికి నివేదించుట దాని విధి. చెవిని బడిన వార్తనుబట్టియు సభ్యులు ఫిర్యాదు చేయవచ్చును; ఆ వార్త ఎవరు చెప్పిరో వెల్లడింప నక్కఱలేదు. ఇది పదునైన కత్తి. దోషిని పట్టుటకు ఎంత అక్కఱకు వచ్చునో, నిర్దోషిని గాయపఱుచుటకును అంతే అక్కఱకు వచ్చును. కావున పట్టుకొన్నవాని చేయి శుద్ధమైనదిగా నుండవలెను.

లంచగొండియని తేలినవానిని మరల ఎన్నడును కొలువులో చేర్చుకొనరాదని బావ్ జెంగ్ చక్రవర్తికి విన్నపము పంపెను. వాంగ్ క్వే అను అధికారి ప్రజలను పీడించుచుండగా, అతడు తొలగింపబడువఱకు మాటిమాటికి ఫిర్యాదు చేసెను. 1050లో చక్రవర్తికి ప్రియురాలైన రాణి పెదతండ్రికి ఒక్కుమ్మడిగా నాలుగు పదవు లీయబడినవి. బావ్ జెంగ్ మఱికొందఱతో కలిసి నిండుకొలువున వాదించెను. చక్రవర్తి యలిగినను, తుదకు రెండు పదవులను వెనుకకు తీసికొనక తప్పలేదు.

స్వజనులయెడ ఆయన ఎట్లుండెను? కొంతకాలము స్వస్థలమునకే అధికారిగా పోవలసి వచ్చెను. బంధువులు సంబరపడిరి. మేనమామ వరుసవాడొకడు చట్టము నతిక్రమించెను. బావ్ జెంగ్ వానిని అందఱివలెనే కొట్టించెను. తరువాత బంధువులెవరును ఆయన పేరు చెప్పుకొని పెత్తనము చేయలేదు. ఆయన సిఫారసు చేసిన యుద్యోగి యొకడు తప్పు చేయగా, ఆ దేశపు చట్టము ననుసరించి, హామీ యిచ్చిన పాపమునకు 1055లో ఆయన పదవియే తగ్గింపబడెను. తాను ఇతరులకు వర్తింపజేసిన చట్టము తనకును వర్తించినది. ఆయన శిక్ష ననుభవించెను.

1057లో ఆయన రాజధానియగు కైఫెంగ్ నగరాధిపతి యయ్యెను. అంతవఱకు అర్జీదారుడు నేరుగా అధికారిని చూడరాదు. వాకిట నుండు గుమాస్తాలు అర్జీ నందుకొని లోపలికి పంపవలెను. ఆ వాకిలియే లంచములకు పుట్టినిల్లు. బావ్ జెంగ్ కచేరి పెద్దతలుపులు తెఱపించి, ఎవడైనను తన యెదుటకు వచ్చి తన గోడు చెప్పుకొనవచ్చునని యాజ్ఞాపించెను. హుయిమిన్ కాలువ గట్లను ఆక్రమించి ధనవంతులు కట్టుకొన్న తోటలను, మంటపములను పడగొట్టించెను. కొందఱు భూమి కొలతలను పెంచి దిద్దిన దస్తావేజులు చూపగా, వానిని పరీక్షించి దొంగతనము బయటపెట్టెను.

ఇంతటివానిని కూడ ఒక గుమాస్తా మోసగించెనని ఆ శతాబ్దపు పండితుడు షెన్ క్వో వ్రాసియున్నాడు. దెబ్బలు తినవలసిన నేరస్థుని కడ వాడు లంచము గొని, విచారణలో బిగ్గఱగా మొఱలిడుమని నేర్పెను. నేరస్థుడట్లే చేసెను. గుమాస్తా వానిని గద్దించెను. గుమాస్తా తన యెదుట అధికారము చెలాయించుచున్నాడని బావ్ జెంగ్ కోపించి, వానినే కొట్టించి, నేరస్థుని శిక్షను తగ్గించెను. వారికి వలసినదియు అదియే! కచేరీ లెక్కలలో వయసు గడపిన నావంటివాడు ఈ ఘట్టమును రెండుమార్లు చదువును. ధర్మాసనము ఎంత ఎత్తున నున్నను, దానికి ఆనుకొని కలము పట్టినవాని నీతి చెడినచో తీర్పు చెడును.

1058లో బావ్ జెంగ్ పర్యవేక్షణస్థానమునకు అధిపతి యయ్యెను. ఆయన చరిత్రలో మిక్కిలి ఆలోచింపదగిన ఘట్టము దీని వెంటనే వచ్చినది. రాజ్యపు ఆదాయవ్యయముల కధ్యక్షుడగు జాంగ్ ఫాంగ్‌పింగ్, తన అధికారమునకు లోబడిన యొక ధనికుని ఇంటిని కొనెను. అట్టివాడు ఆ పదవికి తగడని బావ్ జెంగ్ వాదించి తొలగింపజేసెను. ఆ స్థానమునకు సుంగ్ చీ అను పండితుని నియమింపగా, అతనిని కూడ ఆక్షేపించి తొలగింపజేసెను. అంతట చక్రవర్తి ఆ పదవిని బావ్ జెంగ్‌కే యిచ్చెను.

అప్పుడు ఔయాంగ్ షియు అను మహాపండితుడు చక్రవర్తికి నిష్కర్షగా వ్రాసెను. పొలము త్రొక్కిన యెద్దును పట్టుకొనుటయే కఠినశిక్ష. పట్టుకొన్నవాడే దానిని తన యింటికి తోలుకొనిపోవుట మఱింత దారుణమని ఆతడు పోల్చి చెప్పెను. బావ్ జెంగ్ నిర్మలత్వమును ఆతడు శంకింపలేదు. కాని ఇద్దఱిని దింపినవాడే ఆ పీఠ మెక్కినచో, ఫిర్యాదు చేయుట పదవికి మెట్టు వేసికొనుటయే యని లోకము తలచును. అటుపిమ్మట పర్యవేక్షకుల మాటను ఎవడును నమ్మడు అని ఆతని వాదము. బావ్ జెంగ్ కొన్నాళ్లు ఇంటనే యుండి పదవిని స్వీకరింపలేదు, తుదకు స్వీకరించెను. రాజభవనమునకు కావలసిన వస్తువులను ప్రజలనుండి బలవంతముగా తీసికొనుట మాన్పించి, ధర యిచ్చి కొనునట్లు ఏర్పాటు చేసెను.

ఆ పదవిలో ఆయన మేలే చేసెను; అయినను ఔయాంగ్ షియు మాటయే సరియైనదని నా తలంపు. తీర్పరి తప్పు చేయకుండుట చాలదు, తప్పు చేసెనను సందేహమునకు చోటీయకుండుటయు ధర్మమే. ఇతరుల విషయమున బావ్ జెంగ్ ఈ సూత్రమునే నిలిపెను. కావలివానికిని కావలి వలయునని ఆయన జీవితమే మనకు బోధించుచున్నది. అంతటివానిని నిలదీయగలిగిన దేశమును, ఆ నిలదీతకు ఆగి ఆలోచించిన ఆయనయు ధన్యులు.

1061లో సైనికమంత్రాలోచన సభలో ఉపాధ్యక్షుడై, 1062లో ఆయన మరణించెను. లంచము గొన్న వంశీకుడు బ్రతికియుండగా ఇంటికి రారాదనియు, చనిపోయిన పిదప కులశ్మశానమున పూడ్చబడరాదనియు శిలపై చెక్కింప నాజ్ఞ యిచ్చి పోయెను. 1973లో హఫే వద్ద జరిగిన త్రవ్వకములలో ఆయన సమాధిశిల బయటపడెను.

జనులు ఆయనను మఱవలేదు. నాటకములలో ఆయన ముఖము నల్లనిది; నుదుట నెలవంక. నూఱు విచిత్రములైన తగవులను ఆయన తీర్చినట్లు కథలున్నవి. సుంగ్ వంశచరిత్ర ఆయన తీర్చిన తగవులలో పేర్కొన్నది ఎద్దు నాలుక తగవు ఒక్కటియే. తగవులు తీర్చుటకంటె, తగవులు తీర్చువారిని నిలువరించుటయే ఆయన చేసిన ఘనకార్యము.

కైఫెంగ్ నగరాధిపతుల పేర్లు చెక్కిన శిల యొకటి నేటికిని ఆ నగర వస్తుప్రదర్శనశాలలో నున్నది. వచ్చినవా రెల్లరు వ్రేలితో తాకి తాకి చూపుటచేత బావ్ జెంగ్ పేరున్న చోటు అరగిపోయినదని చెప్పుదురు. తక్కిన పేర్లు స్పష్టముగా నున్నవి. వానిని తాకువారు లేరు. మన గ్రంథాలయములో చదువుకొన్న బాలురలో కొందఱైనను రేపు కచేరీలకును, ధర్మాసనములకును పోవుదురు. అరగిన ఆ పేరు వారి మనస్సులలో అరగకుండుగాక.