యల్లాప్రగడ వెతికిన విటమిన్

ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రుల్లో గర్భిణులకిచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర వెనక ఒక తెలుగు డాక్టరు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నను, తమ్ముణ్ని పొట్టనపెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు మందు దొరికింది. 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఆ మందు చేసే ఇంకో మేలు ఆయన చూడనేలేదు. పిండం మొదట్లో పలుచని రేకులా ఉంటుంది. దాని మధ్యభాగం గాడిలా ముడుచుకుని, అంచులు పైకిలేచి అతుక్కుని గొట్టమవుతుంది. మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునేది అందులోంచే. కణాలు అంత వేగంగా పెరగాలంటే ఫోలేట్ కావాలి. చాలకపోతే గొట్టం పూర్తిగా మూసుకోదు. వెన్ను తెరుచుకునే ఉన్న బిడ్డ పుట్టొచ్చు. అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లుల్లో ఈ మాత్ర ముప్పును 72 శాతం తగ్గించిందని 1991లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. నోబెల్ రాలేదని బాధపడే మనం ఈ సంగతి అంతగా చెప్పుకోం.

చిక్కల్లా సమయంతోనే. ఆ గొట్టం 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసి ఆసుపత్రికెళ్లేసరికి ఆలస్యమైపోతుంది. మన వేరుసెనగల్లో, పప్పుల్లో, ఆకుకూరల్లో ఫోలేట్ ఉన్నా తిండి ఒక్కటే చాలదు. బిడ్డను కనాలనుకున్నప్పటి నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టి, 12 వారాలు నిండేదాకా వేసుకోవాలి. ముందు కాన్పులో ఇలాంటి లోపం కనిపించి ఉంటే మోతాదు పెరుగుతుంది. అది డాక్టరే చెప్పాలి.