గైడ్ సిద్ధాంతమే తప్పని తేల్చింది.. 1930లోనే పీహెచ్‌డీ కొట్టింది! ఎవరీ ఇరావతి కర్వే?

పీహెచ్‌డీ చేసేవాళ్లకు గైడ్ మాటే వేదం. ఆయన సంతకం లేనిదే డిగ్రీ రాదు. అలాంటిది గైడ్ నమ్మిన సిద్ధాంతమే తప్పని థీసిస్ రాస్తే? దాదాపు వందేళ్ల కిందట, అదీ పరాయి దేశంలో, ఓ భారతీయ యువతి ఆ పని చేసింది. ఆమే మానవ శాస్త్రవేత్త ఇరావతి కర్వే.

ఇరావతి 1905లో బర్మాలో పుట్టారు. అక్కడి ఐరావతి నది పేరే ఆమెకు పెట్టారు. ఏడేళ్ల వయసులో చదువు కోసం పుణె పంపించారు. ఫెర్గూసన్ కాలేజీలో డిగ్రీ, బొంబాయిలో ప్రొఫెసర్ ఘుర్యే దగ్గర ఎంఏ పూర్తి చేశారు. కెమిస్ట్రీ లెక్చరర్ దినకర్ కర్వేను పెళ్లాడారు.

మామగారు మహర్షి కర్వే. మహిళల కోసం యూనివర్సిటీ పెట్టిన మనిషి. కానీ కోడలు జర్మనీ వెళ్తానంటే మాత్రం ఆయన ఒప్పుకోలేదు! భర్త అండగా నిలిచారు. కాంగ్రెస్ నేత జీవరాజ్ మెహతా అప్పు ఇచ్చారు. అలా 1928లో ఇరావతి బెర్లిన్ చేరారు.

అసలు కథ ఇక్కడే మొదలైంది. ఆమె గైడ్ యూజెన్ ఫిషర్. తెల్లజాతి వాళ్ల పుర్రెలు రెండు వైపులా సమానంగా ఉండవని, వాళ్ల తెలివితేటలకు అదే గుర్తని ఆయన నమ్మకం. అది రుజువు చేసే పని ఇరావతికి అప్పగించారు. ఆమె 149 పుర్రెలు కొలిచారు. తేలిందేంటంటే.. ఆ తేడాకూ జాతికీ ఏ సంబంధమూ లేదు! అదే థీసిస్‌లో రాసేశారు. గైడ్‌కు నచ్చలేదు. పాస్ అయ్యేంత గ్రేడ్ మాత్రమే ఇచ్చారు. అయినా 1930లో డాక్టరేట్ చేతికొచ్చింది. ఆ తర్వాత ఫిషర్ ఆలోచనలు నాజీల జాతి విధానాలకు ఊతమిచ్చాయి.

ఇండియా తిరిగొచ్చాక ఇరావతి పుణె డెక్కన్ కాలేజీలో పని చేశారు. కొలత పరికరాలు పట్టుకుని ఊరూరా తిరిగారు. దేశంలోని బంధుత్వాలపై 1953లో పెద్ద పుస్తకమే రాశారు. మన దగ్గరి మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్ల గురించి కూడా అందులో ఉంటుంది. మహాభారత పాత్రలపై మరాఠీలో రాసిన 'యుగాంత'కు సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది.

1970లో ఆమె కన్నుమూశారు. పుర్రె కొలతలతో మనుషుల్లో ఎక్కువ తక్కువలు తేల్చే పద్ధతిని ఇవాళ సైన్స్ ఒప్పుకోదు. పాతికేళ్లు కూడా నిండని వయసులోనే ఇరావతి ఆ మాట లెక్కలతో సహా రాసిచ్చారు.