పుదుక్కోట రాజుగారిచ్చిన సీటు

ముత్తులక్ష్మి రెడ్డిగారు 1886లో పుదుక్కోటలో పుట్టారు. పేరు చూసి మనమ్మాయే అనుకున్నాను, రెడ్డి పెళ్ళితో వచ్చిందట. తల్లి చంద్రమ్మాళ్‌ది దేవదాసీ కుటుంబం. ఆమె తరంలో ఆ ఇంటి ఆడపిల్లకు కాలేజీ గుమ్మమే లేదు. కూతురు మెట్రిక్ పాసైనా, మహారాజా కాలేజీ మగపిల్లలదే. కొందరు వద్దని గొడవ చేసినా రాజుగారు సీటిచ్చారు, స్కాలర్‌షిప్పు కూడా. నాకైతే సీటుకన్నా ఆ స్కాలర్‌షిప్పే పెద్దదనిపిస్తుంది. ఫీజు కట్టే నెలలో మా ఇంట్లో తెలుగులోనూ తమిళంలోనూ లెక్కలే మరి! 1912లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టరయ్యారు. 1927లో శాసనమండలికెళ్ళి దేవదాసీ పద్ధతి పోవాలని పోరాడారు. ఆ చట్టం 1947లో వచ్చింది. కొడుకు కృష్ణమూర్తిగారూ డాక్టరే. 1954లో ఆవిడ తెరిపించిన అడయారు కాన్సర్ ఆసుపత్రిలోనే ఏళ్ళ తరబడి పనిచేశారు.