డాక్టర్ జానకి అమ్మాళ్

గోదావరి యొడ్డున శరత్కాలమున తెల్లగా పూచు రెల్లును ఈ ప్రాంతమున నెరుగని వారుండరు. గుడిసెల కప్పునకు తప్ప మరి దేనికిని కొరగాని గడ్డియని దానిని తలచుట పరిపాటి. కాని చెరకునకును రెల్లునకును దగ్గరి చుట్టరికము కలదు. 1912లో స్థాపింపబడిన కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రమున, లావు చెరకును ఈ రెల్లుతో సంకరపరచి, గట్టి క్రొత్త రకములను పుట్టించిరి. అచ్చట 1934 నుండి 1939 వరకు పనిచేసిన వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్.

ఆమె 1897 నవంబరు 4వ తేదీన మలబారు తీరమునందలి తలశ్శేరిలో జన్మించెను. తండ్రి సబ్ జడ్జి; తోటలన్నను పక్షులన్నను మక్కువ గలవాడు. ఆడుపిల్లల చదువే అరుదైన ఆ దినములలో ఆమె మద్రాసున పట్టము పొంది, విద్యార్థి వేతనముపై అమెరికా వెళ్లి, 1931లో మిచిగాన్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు గడించెను. పెండ్లికన్న విద్యయే మిన్నయని తలచి అవివాహితగనే ఉండిపోయెను.

కోయంబత్తూరున ఆమె చెరకును మొక్కజొన్నతోను, జొన్నతోను సంకరపరచి చూచెను. కణములలో వంశలక్షణములను మోయు క్రోమోసోములను లెక్కించుట ఆమె ప్రత్యేక విద్య. అయినను స్త్రీ యగుటచేతను, కులముచేతను చిన్నచూపు తప్పలేదు. 1939లో ఎడిన్‌బరో సభకు వెళ్లగా యుద్ధము వచ్చి ఇంగ్లండుననే నిలిచిపోయెను. రాత్రి బాంబులు పడునప్పుడు మంచము క్రిందికి దూరి, తెల్లవారగనే ప్రయోగశాలలో గాజుపెంకులు దులిపి పని సాగించెడిదని చెప్పుదురు. సాగుమొక్కల క్రోమోసోములను గూర్చి డార్లింగ్టన్‌తో కలిసి ఆమె రచించిన గ్రంథము 1945లో వెలువడెను. విజ్లీ తోటలో ఆమె పేర ఒక మాగ్నోలియా వెలసెను.

1951లో ప్రధాని నెహ్రూ ఆహ్వానముపై స్వదేశమునకు వచ్చి భారత వృక్ష పరిశీలన శాఖ పునర్వ్యవస్థీకరణకు పూనుకొనెను. ఆమె దృష్టి అడవులపైకి మరలినది అప్పుడే. షిల్లాంగుకు 37 మైళ్ల దూరమున, ఆ ప్రాంతమంతటికి ఒక్కటిగా మిగిలిన అరుదైన మాగ్నోలియాను వెదకుచు పోగా, అది అప్పటికే కాలిపోయి యుండెను. చెరకునకు బలమిచ్చినది అడవిగడ్డియే యని ఎరిగిన మనిషికి ఆ బూడిద చిన్న నష్టముగ తోచదు. సంకరము చేయు విద్య ఎంతటిదైనను, కాలిపోయిన విత్తును మరల పుట్టింపజాలదు గదా!

భూతల స్వరూపమును మానవుడు మార్చుచున్న తీరుపై 1955లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జరిగిన సభకు పిలువబడిన పండితులలో స్త్రీ ఆమె యొక్కతయే. భారతదేశపు పొట్టకూటి వ్యవసాయమును గూర్చి ఆమె ప్రసంగించెను. అడవి జాతుల జీవనరీతికి అందు చోటిచ్చెను. ఆదిలాబాదు గోండులను, కొలాములను ఎరిగినవారికి ఈ విషయపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

1977లో పద్మశ్రీ వచ్చెను. అప్పటికి ఆమె వయస్సు ఎనుబదికి చేరువ. కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ముంచివేయు విద్యుత్ ఆనకట్టను ప్రతిఘటించిన వారిలో ఆమెయు నిలిచెను. ప్రభుత్వ శాఖకు సేవచేసిన మనిషి ప్రభుత్వ పథకమునే కాదనెను. ఊరక కాదనక, ఆ లోయ మొక్కల క్రోమోసోములను లెక్కింప పూనుకొనెను. 1983లో ఆ పథకము విరమింపబడెను. 1984 ఫిబ్రవరి 7వ తేదీన మద్రాసు చెంత మధురవాయలున ఆమె కన్నుమూసెను. ఆ నవంబరు 15వ తేదీన సైలెంట్ వ్యాలీ జాతీయ వనముగ ప్రకటింపబడెను.