ఫ్రిట్జ్ జ్విక్కీ

ఫ్రిట్జ్ జ్విక్కీ (ఫిబ్రవరి 14, 1898 - ఫిబ్రవరి 8, 1974) స్విట్జర్లాండ్ దేశానికి చెందిన ప్రముఖ ఖగోళ శాస్త్రజ్ఞుడు. సూపర్నోవా విస్ఫోటనాలలో న్యూట్రాన్ తారలు జనిస్తాయని, విశ్వకిరణాలకు మూలం ఆ విస్ఫోటనాలేనని వాల్టర్ బాడేతో కలిసి తొలిసారిగా ప్రతిపాదించాడు.

బాల్యము, విద్యాభ్యాసము

జ్విక్కీ బల్గేరియాలోని వార్నా నగరంలో జన్మించాడు. తండ్రి స్విస్ దేశీయుడు, తల్లి చెక్ జాతీయురాలు. ఆరేళ్ళ వయసులో వాణిజ్యశాస్త్రం అభ్యసించడానికి అతనిని స్విట్జర్లాండులోని గ్లారస్‌కు పంపారు. అయితే అతని ఆసక్తి గణిత, భౌతిక శాస్త్రాల వైపు మళ్ళింది. జ్యూరిక్‌లో చదివి 1922లో డాక్టరేటు పొందాడు. 1925లో అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరాడు.

న్యూట్రాన్ తార ప్రతిపాదన

అంతరిక్షం నుండి వచ్చే విశ్వకిరణాల శక్తి అపారము. సాధారణ నక్షత్రాలు అంతటి శక్తిని ఇవ్వలేవు. 1932లో జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. మరుసటి సంవత్సరం డిసెంబరులోనే జ్విక్కీ, బాడే తమ సిద్ధాంతాన్ని ప్రకటించారు. దీని ప్రకారం భారీ నక్షత్రం తన గురుత్వాకర్షణకు తానే లోబడి కుంచించుకుపోయి, న్యూట్రాన్లతో నిండిన అతి సాంద్రమైన గోళంగా మారుతుంది. అప్పుడు విడుదలయ్యే శక్తియే విస్ఫోటనానికి కారణము. సూర్యుని మించిన ద్రవ్యరాశి సుమారు 20 కిలోమీటర్ల వ్యాసంలో ఇమిడిపోతుందని నేడు తెలుసు.

ఆనాడు ఈ ఊహను చాలామంది పట్టించుకోలేదు. జ్విక్కీ ముక్కుసూటి స్వభావం, సహచరులతో తగవులు కూడా అతనికి మేలు చేయలేదు. అయినా పట్టు వదలక, 1936 నుండి పాలోమార్ పర్వతం మీద 18 అంగుళాల ష్మిట్ దూరదర్శినితో ఆకాశాన్ని గాలించి, జీవితకాలంలో 100కు పైగా సూపర్నోవాలను కనుగొన్నాడు.

నిరూపణ

1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ పల్సార్‌ను గుర్తించింది. 1968లో కర్కట నీహారికలో సెకనుకు సుమారు 30 సార్లు తిరిగే పల్సార్ బయటపడింది. ఆ నీహారిక 1054లో కనిపించిన సూపర్నోవా అవశేషము. దాని నుండి వెలువడే ఎక్స్ కిరణాలకు శక్తినిచ్చేది ఆ న్యూట్రాన్ తారయేనని తేలింది. సూపర్నోవా అవశేషాలలోని ఘాత తరంగాలు ప్రోటాన్లను మహావేగంతో విసురుతాయని ఫెర్మి ఉపగ్రహ పరిశీలనలు 2013లో ధ్రువపరిచాయి.

ఇతర పరిశోధనలు

కోమా గెలాక్సీ గుచ్ఛాన్ని పరిశీలించి, అందులో కంటికి కనబడని కృష్ణపదార్థం ఉండాలని 1933లో సూచించాడు. గెలాక్సీలు కటకాల వలె కాంతిని వంచగలవని 1937లో చెప్పాడు. ఇది 1979లో ఋజువైంది.

చివరి దశ

1972లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ స్వర్ణపతకం లభించింది. 1974లో పాసడీనాలో మరణించాడు. అదే సంవత్సరం పల్సార్ల ఆవిష్కరణకు గాను ఆంటోనీ హ్యూయిష్‌కు నోబెల్ బహుమతి దక్కింది. జ్విక్కీకి ఆ బహుమతి ఎన్నడూ రాలేదు.