తండ్రీకొడుకుల మధ్య గేరు

మా బాబాయి పాత జీపుకి గేర్ రేషియో మార్చాలని ఇంట్లోనే వెనక యాక్సిల్ విప్పాం. 10 పళ్ళ పినియన్, 41 పళ్ళ రింగ్ గేర్, అంటే 4.1. పాత రింగ్ ఊడదీశాక మధ్యలో డిఫరెన్షియల్ మిగిలింది. దాన్ని చూస్తే నాకు జేమ్స్ స్టార్లీ గుర్తొచ్చాడు.

స్టార్లీ 1830లో ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో రైతు ఇంట పుట్టాడు. కుర్రతనంలోనే ఇల్లొదిలి లండన్ దగ్గర తోటమాలిగా కుదిరాడు. అక్కడ పాడైన కుట్టుమిషన్ బాగుచేయడంతో తలరాత మారింది. కొవెంట్రీ చేరి ముందు కుట్టుమిషన్లు, తర్వాత సైకిళ్ళు చేశాడు.

1877లో కొడుకు విలియంతో పక్కపక్కన కూర్చుని తొక్కే బండి మీద వెళ్తున్నాడట. ఎవరి చక్రం వాళ్ళే తిప్పాలి. కుర్రాడి బలం ఎక్కువై బండి తిరిగిపోయి ఇద్దరూ పొదల్లో పడ్డారు. స్టార్లీ కొడుకుని నెమ్మదిగా తొక్కమనలేదు. ఇద్దరి బలాన్నీ కలిపి రెండు చక్రాలకీ పంచి, వాటిని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు పెట్టాడు. ఫ్రాన్స్‌లో పెకర్ దాదాపు 50 ఏళ్ళ ముందే ఆవిరిబండి కోసం ఇలాంటిది చేశాడు. కానీ స్టార్లీకి దారి చూపింది ఆ పడిపోవడమే.

51 ఏళ్ళకే, 1881లో పోయాడు. బెంజ్ కారు చూడనేలేదు.

రాత్రికి వెనక యాక్సిల్ బిగించాం. ముందుదానికి ఇంకా పాత రేషియోనే. అదీ మార్చేదాకా ఫోర్ వీల్ డ్రైవ్ వేయొద్దని బాబాయి గట్టిగా చెప్పాడు. మా జీపులో రెండు యాక్సిళ్ళ మధ్య సర్దిచెప్పే స్టార్లీ గేరు లేదు మరి.