జిడ్డు కృష్ణమూర్తి

జిడ్డు కృష్ణమూర్తి (1895 మే 12 – 1986 ఫిబ్రవరి 17) మదనపల్లెలో జన్మించి ప్రపంచ ప్రసిద్ధి పొందిన తత్వవేత్త, వక్త, రచయిత. దివ్యజ్ఞాన సమాజం పెద్దలు ఇతనిని రాబోయే జగద్గురువుగా భావించి, బాల్యం నుండి ఇతని చదువు, ఆహారం, వ్యాయామం, దుస్తులు అన్నీ తామే నిర్ణయించారు. 1929లో ఇతడు ఆ స్థానాన్ని త్యజించాడు. రాయలసీమ నూలుబట్టలు కట్టిన బాలుడు సైకిలు తొక్కడం, చలిదేశపు ఉన్ని దుస్తులు ధరించడం మొదట ఇతరుల ఆజ్ఞ వలన నేర్చుకొని, తరువాత వాటిని తన ఇష్టం మేరకు ఎంచుకొన్న తీరు ఇతని జీవితంలో అంతగా చర్చకు రాని అంశం.

బాల్యం

కృష్ణమూర్తి తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదవ సంతానంగా జన్మించాడు. పుట్టినది అర్ధరాత్రి దాటిన తరువాత కావడం వలన కొన్ని చోట్ల జన్మదినం మే 11గా కనిపిస్తుంది. అప్పట్లో మదనపల్లె మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప జిల్లాలో ఉండేది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరింది. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఆయన ఉద్యోగరీత్యా కుటుంబం 1903లో కడపకు మారింది. కడపలో మలేరియా సోకి కృష్ణమూర్తి బాగా బలహీనపడ్డాడు. జ్వరాల వలన బడికి తరచుగా దూరమయ్యేవాడు. 1905లో తల్లి మరణించింది. తమ్ముడు నిత్యానందతో ఇతనికి గాఢమైన అనుబంధం ఉండేది.

అడయారు, సైకిలు

ఉద్యోగ విరమణ చేసిన నారాయణయ్య 1909 జనవరిలో పిల్లలతో మద్రాసు సమీపంలోని అడయారుకు చేరి, దివ్యజ్ఞాన సమాజం ప్రధాన కార్యాలయంలో పనికి కుదిరాడు. అదే సంవత్సరం సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ సముద్రతీరాన కృష్ణమూర్తిని చూసి, ఈ బాలుడే జగద్గురువుకు వాహకం కాగలడని ప్రకటించాడు. అప్పటికి కృష్ణమూర్తి సన్నగా, నీరసంగా ఉన్న పదునాలుగేళ్ళ బాలుడు. బడిలో మందమతిగా పేరుపడి దెబ్బలు తింటూ ఉండేవాడు.

లెడ్‌బీటర్ అన్నదమ్ములను బడి మాన్పించి, సమాజంలోనే చదువు ఏర్పాటు చేశాడు. ఆంగ్లంతో పాటు ఈత, టెన్నిస్, సైకిలు తొక్కడం దినచర్యలో చేరాయి. జగద్గురువు కాబోయేవాని దేహం దృఢంగా ఉండాలన్నది పెద్దల అభిప్రాయం. యంత్రాల పట్ల కృష్ణమూర్తికి ఉన్న ఆసక్తి తరువాతి కాలంలోనూ కొనసాగింది. 1914లో ఇంగ్లండులోని బ్యూడ్ పట్టణంలో ఉన్నపుడు ఇతనికి మోటారు సైకిలు లభించింది. దానిని తుడిచి మెరిపించడం, ఇంజనును విప్పి సరిచేయడం ఇతనికి ఇష్టమైన వ్యాపకం.

ఇంగ్లండు ప్రయాణం, ఉన్ని దుస్తులు

1911లో అనీ బిసెంట్ అన్నదమ్ములను ఇంగ్లండుకు తీసుకువెళ్ళింది. చిత్తూరు జిల్లా ఏర్పడిన ఏప్రిల్ నెలలోనే వారు బొంబాయిలో ఓడ ఎక్కి, మే మొదటి వారంలో లండను చేరారు. చేరింగ్ క్రాస్ స్టేషనులో దిగినపుడు కృష్ణమూర్తి జుట్టు భుజాలవరకు ఉంది. ఒంటిమీద నార్‌ఫోక్ జాకెట్ ఉంది.

నార్‌ఫోక్ జాకెట్ ట్వీడ్ అనే ముతక ఉన్నిబట్టతో కుట్టే, నడుముకు పట్టీ ఉండే కోటు. చేతులు స్వేచ్ఛగా కదలడానికి వీలుగా ముందు, వెనుక నిలువు మడతలు ఉంటాయి. 19వ శతాబ్దంలో వేటగాళ్ళ కోసం వాడుకలోకి వచ్చిన ఈ కోటును తరువాత సైకిలు తొక్కేవారు కూడా విరివిగా ధరించారు. చలిలో సైకిలు తొక్కేవారికి రెండు ఇబ్బందులు ఉంటాయి. తొక్కుతున్నంతసేపు శరీరం వేడెక్కి చెమట పడుతుంది. ఎదురుగాలి, ముఖ్యంగా ఆగినపుడు తడిసిన బట్ట, ఆ వేడిని హరిస్తాయి. నూలుబట్ట చెమటను పీల్చి తడిగా ఉండిపోతుంది. ఉన్ని పోగుల మధ్య గాలి నిలుస్తుంది కనుక కొంత తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. మదనపల్లెలో సుఖాన్నిచ్చే నూలు ఇంగ్లండు చలికి చాలకపోవడానికి కారణం ఇదే.

ఆ దుస్తులను కృష్ణమూర్తి కోరుకోలేదు. ఆంగ్లేయ సమాజంలో మెలగడానికి తగినట్లుగా ఇతనిని తయారుచేయాలన్నది సమాజ పెద్దల నిర్ణయం. ఆ సంవత్సరమే ఇతనిని అధిపతిగా నిలిపి ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అనే సంస్థను నెలకొల్పారు. పిల్లలను తిరిగి తనకు అప్పగించాలని నారాయణయ్య 1912లో మద్రాసు హైకోర్టులో దావా వేసి గెలిచాడు. కాని 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టివేసింది. అన్నదమ్ములు ఇంగ్లండులోనే ఉండిపోయారు. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలలో కృష్ణమూర్తి పలుమార్లు విఫలమయ్యాడు.

నిత్యానంద అనారోగ్యం

1921లో నిత్యానందకు క్షయవ్యాధి సోకినట్లు తెలిసింది. క్షయకు మందులు లేని ఆ రోజులలో కొండగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం మాత్రమే చికిత్స. అందుచేత కొంతకాలం స్విట్జర్లాండులో ఉన్నారు. పొడి వాతావరణం మేలు చేస్తుందన్న ఆశతో 1922లో కాలిఫోర్నియాలోని ఓహాయ్ లోయకు చేరారు. 1925 నవంబరు 13న నిత్యానంద అక్కడే మరణించాడు. కృష్ణమూర్తి అప్పుడు భారతదేశానికి వస్తూ ఓడలో ఉన్నాడు. తమ్ముడు బ్రతుకుతాడన్న పెద్దల హామీలు వమ్ము కావడంతో ఇతనికి వారి మాటలపై విశ్వాసం సడలింది.

సంస్థ రద్దు

1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఒమెన్ శిబిరంలో వేలాది సభ్యుల ఎదుట కృష్ణమూర్తి ఆ సంస్థను రద్దు చేశాడు. సత్యాన్ని ఏ సంస్థా, ఏ గురువూ అందించలేరని ప్రకటించాడు. సంస్థకు వచ్చిన ఆస్తులను దాతలకు తిరిగి ఇప్పించాడు.

దుస్తుల ఎంపిక

తరువాత దాదాపు ఆరు దశాబ్దాలు దేశదేశాలు తిరిగి ప్రసంగించినా కృష్ణమూర్తి కాషాయాన్ని గాని, గురుత్వాన్ని సూచించే మరే వేషాన్ని గాని ధరించలేదు. భారతదేశంలో లాల్చీ, పైజామా, ధోవతి వంటి దేశీయ దుస్తులు, పాశ్చాత్య దేశాలలో ఆయా ప్రాంతాలకు తగిన కోటు, ప్యాంటు వాడేవాడు. లండనులో సావిల్ రో వీధిలోని హంట్స్‌మన్ దర్జీల వద్ద సూట్లు కుట్టించుకొనేవాడు. చక్కని బట్ట, కుట్టు పట్ల ఇతనికి శ్రద్ధ ఎక్కువ. సన్యాసివంటి వేషాన్ని ఆశించినవారికి ఇది వింతగా తోచేది. ఒకప్పుడు ఇతరులు తొడిగిన ఉన్నికోటును ఇతడు విసర్జించలేదు. దానిని జగద్గురువు పాత్ర నుండి వేరుచేసి, చలికి తగిన వస్త్రంగా ఉంచుకొన్నాడు.

1961 నుండి 1985 వరకు ప్రతి వేసవిలో స్విట్జర్లాండులోని సానెన్ గ్రామంలో ప్రసంగించాడు. వ్యాయామం చివరివరకు దినచర్యలో భాగంగా ఉండేది. ప్రతిదినం చాలా దూరం నడిచేవాడు. బి.కె.ఎస్. అయ్యంగార్, టి.కె.వి. దేశికాచార్‌ల వద్ద యోగాసనాలు అభ్యసించాడు.

రిషీవ్యాలీ

మదనపల్లె సమీపంలోని ఒక లోయలో పెద్ద మర్రిచెట్టు ఉన్న ప్రదేశాన్ని కృష్ణమూర్తి విద్యాలయం కోసం ఎంచుకొన్నాడు. 1926లో మొదలైన ఆ సంస్థ రిషీవ్యాలీ పాఠశాలగా పేరుపొందింది. ఇతడు సాధారణంగా శీతాకాలంలో భారతదేశానికి వచ్చేవాడు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజాములు తిరుపతి కంటే చల్లగా ఉంటాయి. గొర్రెల కాపరులకు గొంగళి, సైకిలుపై వెళ్ళేవారికి స్వెట్టరు, మఫ్లరు ఆ వేళలలో అవసరమవుతాయి. ఎండ ఎక్కగానే నూలుబట్ట సరిపోతుంది.

మరణం

1985 డిసెంబరులో చివరిసారిగా రిషీవ్యాలీని దర్శించిన కృష్ణమూర్తి, 1986 జనవరి 4న మద్రాసులో తన చివరి ప్రసంగం చేశాడు. అప్పటికే ఆరోగ్యం క్షీణించింది. 1986 ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో క్లోమ క్యాన్సరుతో మరణించాడు. తనకు వారసులుగాని, తన బోధనకు అధికారిక వ్యాఖ్యాతలుగాని లేరని ముందే స్పష్టం చేశాడు. భారతదేశం, ఇంగ్లండు, అమెరికాలలో ఇతడు నెలకొల్పిన పాఠశాలలు ఇతని మరణానంతరం కూడా కొనసాగాయి.